క్రైస్తవ విశ్వాసంలో మరణానంతర జీవితం, మానవుని అంతిమ గతి

మరణంతో మనిషి కథ ముగియదనీ, చనిపోయినవారందరినీ దేవుడు ఒక దినాన తిరిగి లేపి తీర్పు తీరుస్తాడనీ, ఆపై ఈ సృష్టి యావత్తూ కొత్తదవుతుందనీ క్రైస్తవుల విశ్వాసం. ఈ నమ్మకానికి ఆధారం నజరేయుడైన యేసు పునరుత్థానం. సిలువ మీద చనిపోయి సమాధి చేయబడిన యేసును దేవుడు మూడవ దినాన సజీవునిగా లేపాడనీ, ఆయనకు జరిగిందే ఆయనను నమ్మినవారికీ జరుగుతుందనీ తొలి శిష్యులు ప్రకటించారు.

చనిపోయాక ఆత్మ పరలోకానికి వెళ్లడమే క్రైస్తవ నిరీక్షణ అని బయటివారే కాదు, విశ్వాసుల్లో చాలామందీ అనుకుంటారు. సంఘం అధికారికంగా ఒప్పుకునేది అంతకన్నా విస్తారమైనది. కాథలిక్, ఆర్థడాక్స్ సంఘాలూ, ప్రొటెస్టెంట్లలో అధిక భాగమూ అంగీకరించే విశ్వాస ప్రమాణం 381లో జరిగిన కాన్‌స్టాంటినోపుల్ మహాసభతో ముడిపడినది. అది మృతుల పునరుత్థానం, రానున్న యుగపు జీవం అనే రెండు నిరీక్షణలతో ముగుస్తుంది. ఆత్మ సహజంగానే అమరమన్న మాట అందులో లేదు. మనిషికి ఈ భూమి మీద ఒకే జీవితం ఉంటుందనీ, ఆ తర్వాత తీర్పేననీ హెబ్రీయులకు రాసిన పత్రిక చెబుతుంది కాబట్టి పునర్జన్మ సిద్ధాంతానికి క్రైస్తవంలో చోటు లేదు.

యూదు మూలాలు

ఈ విశ్వాసం యూదు లేఖనాల్లో మొలకెత్తింది, అయితే ఒక్కసారిగా కాదు. ఆ లేఖనాల్లోని పాత భాగాల్లో పరలోక బహుమానం గానీ నరక శిక్ష గానీ దాదాపు కనిపించవు. నీతిమంతులైనా దుష్టులైనా చనిపోయినవారంతా చేరేది షియోల్ అనే పాతాళానికే. అది చీకటి, మౌనం నిండిన చోటు. చనిపోయినవారు దేవుణ్ణి స్తుతించలేరని కీర్తనల్లో విన్నపం వినిపిస్తుంది. ఆ కాలపు ఇశ్రాయేలీయులకు దేవుని ఆశీర్వాదమంటే దీర్ఘాయువు, సంతానం, పండే పొలం.

బబులోను చెర కాలంలో యెహెజ్కేలు ప్రవక్త చూసిన ఎండిన ఎముకల లోయ దర్శనం చెదిరిపోయిన జాతి మళ్లీ నిలబడుతుందన్న ఆశను చెప్పింది. వ్యక్తుల పునరుత్థానం స్పష్టంగా కనిపించేది దానియేలు గ్రంథం 12వ అధ్యాయంలో: మట్టిలో నిద్రించేవారిలో అనేకులు మేల్కొంటారు, కొందరు నిత్యజీవానికి, కొందరు నిత్యమైన అవమానానికి. క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు రాజు నాలుగవ అంతియొకస్ యూదుల ఆరాధనను నిషేధించి, ధర్మశాస్త్రాన్ని విడవనివారిని చంపించాడు. ఈ హింసాకాలంలోనే దానియేలు గ్రంథం ఇప్పటి రూపానికి వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది భావిస్తారు. దేవునికి నమ్మకంగా ఉన్నందుకే చనిపోయినవారికి దేవుడు ఏం చేస్తాడు? దీర్ఘాయువే ఆశీర్వాదమైతే వీరి సంగతేమిటి? మక్కబీయుల రెండవ గ్రంథంలో ఒక తల్లి, ఆమె ఏడుగురు కొడుకులు చిత్రహింసలు పడుతూ, తాము పోగొట్టుకుంటున్న అవయవాలను దేవుడే తిరిగి ఇస్తాడని ధైర్యంగా చెబుతారు. పునరుత్థాన విశ్వాసం న్యాయం కోసం ఎత్తిన గొంతులోంచి పుట్టింది. ఈ మూలాన్ని గుర్తుంచుకోకపోతే తర్వాతి కాలపు తీర్పు, నరకం, పరలోకం బోధలు సరిగా అర్థం కావు.

యేసు నాటికి యూదుల్లో దీనిపై ఏకాభిప్రాయం లేదు. పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మేవారు. దేవాలయ యాజక వర్గానికి చెందిన సద్దూకయ్యులు నమ్మేవారు కాదు.

యేసు బోధ

యేసు బోధకు కేంద్రం దేవుని రాజ్యం. అది రాబోతున్నదనీ, తన పనుల్లో అప్పుడే మొదలైందనీ ఆయన చెప్పాడు. ఏడుగురు అన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరిని పెళ్లాడిన స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అవుతుందని సద్దూకయ్యులు చిక్కు ప్రశ్న వేసినప్పుడు, లేచినవారు పెళ్లి చేసుకోరనీ, దేవుడు మృతులకు కాదు, సజీవులకే దేవుడనీ జవాబిచ్చాడు. లేచాక వచ్చే బతుకు ఇప్పటి బతుకుకు కేవలం పొడిగింపు కాదన్నది ఆ జవాబులోని సారం.

శిక్షను గురించి మాట్లాడేటప్పుడు యేసు ఎక్కువగా వాడిన పేరు గెహెన్నా. అది యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. పూర్వం అక్కడ మోలెకు దేవతకు పిల్లలను అగ్నిలో బలి ఇచ్చేవారు. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రపరచి ఆ ఆచారాన్ని ఆపించాడు. ఆ లోయే తర్వాత దేవుని తీర్పుకు గుర్తుగా నిలిచింది.

లూకా సువార్తలోని ధనవంతుడు, లాజరు ఉపమానంలో, వాకిట్లో పడి ఉన్న పేదవాణ్ణి పట్టించుకోని ధనికుడు చనిపోయాక యాతన పడతాడు. పేదవాడు అబ్రాహాము చెంత ఆదరణ పొందుతాడు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో సమస్త జనాలూ మనుష్యకుమారుడైన క్రీస్తు ముందు నిలబడతారు, గొల్లవాడు గొర్రెలనూ మేకలనూ వేరుచేసినట్టు ఆయన వారిని వేరుచేస్తాడు. అక్కడ అడిగే లెక్క ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీళ్లు, పరదేశికి ఆశ్రయం, బట్ట లేనివారికి బట్ట, రోగులకు, చెరలో ఉన్నవారికి పలకరింపు. పేదలకు చేసినదంతా తనకే చేసినట్టుగా న్యాయాధిపతి స్వీకరిస్తాడు. ఆ దినం ఎప్పుడన్నది మాత్రం తండ్రికే తప్ప కుమారునికీ తెలియదని మార్కు సువార్త చెబుతుంది.

శరీర పునరుత్థానం

థెస్సలొనీక సంఘానికి పౌలు సుమారు క్రీ.శ. 50లో రాసిన మొదటి పత్రిక మనకు దొరికిన అత్యంత ప్రాచీన క్రైస్తవ రచనల్లో ఒకటి. క్రీస్తు తిరిగి రాకముందే తమవాళ్లు కొందరు చనిపోయారని అక్కడివారు దిగులుపడ్డారు. క్రీస్తు వచ్చినప్పుడు ముందుగా లేచేది ఆ చనిపోయినవారేనని పౌలు వారిని ఓదార్చాడు. కొన్నేళ్ల తర్వాత కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఈ బోధను విపులంగా చెప్పాడు. క్రీస్తు లేవకపోతే విశ్వాసమే వ్యర్థమనీ, ఆయన మృతుల్లోంచి వచ్చిన ప్రథమఫలమనీ, విత్తిన గింజకూ మొలిచే మొక్కకూ ఉన్నంత తేడా ఇప్పటి దేహానికీ లేపబడే దేహానికీ ఉంటుందనీ వివరించాడు.

దేహం ఆత్మకు చెరసాల అన్న భావన గ్రీకు తత్వంలో బలంగా ఉన్న లోకంలో ఈ మాట వింతగా తోచింది. భౌతిక లోకమే చెడ్డదన్న నాస్టిక్ వర్గాలు దేహ పునరుత్థానాన్ని తోసిపుచ్చాయి. 2వ శతాబ్దం చివర్లో లియోన్ బిషప్ ఇరేనియస్, ఆ తర్వాత ఉత్తర ఆఫ్రికాకు చెందిన టెర్టూలియన్ వారిని ఎదుర్కొన్నారు. శరీరాన్ని సృష్టించిన దేవుడే దాన్ని విమోచిస్తాడన్నది వారి వాదం. 177లో అదే లియోన్‌లో హతసాక్షుల దేహాలను కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారనీ, వారికి పునరుత్థానపు ఆశ కూడా లేకుండా చేయాలన్నదే హింసించినవారి ఉద్దేశమనీ సంఘ చరిత్రకారుడు యూసేబియస్ నమోదు చేశాడు. ఈ నిరీక్షణ ఎంత బలమైనదో దాన్ని చెరపాలనుకున్నవారికీ తెలుసు. రోమ్ భూగర్భ శ్మశానాల గోడల మీద చేప కడుపులోంచి బయటపడ్డ యోనా ప్రవక్త, సమాధి నుంచి యేసు లేపిన లాజరు (ఉపమానంలోని పేదవాడు కాదు) పదే పదే కనిపించడానికీ కారణం ఇదే.

మరణానికీ పునరుత్థానానికీ నడుమ

ఇవాళ చనిపోయిన మనిషి అంత్యదినం దాకా ఎక్కడ, ఏ స్థితిలో ఉంటాడు? దీనికి కొత్త నిబంధన ఒకే మాటగా జవాబు చెప్పదు. పౌలు కొన్నిచోట్ల చనిపోయినవారిని నిద్రించినవారంటాడు. మరోచోట తాను చనిపోతే క్రీస్తు దగ్గర ఉంటానంటాడు. సిలువ మీది దొంగకు యేసు ఆ రోజే పరదైసులో చోటు ఇస్తానని మాట ఇస్తాడు. ప్రకటన గ్రంథంలో హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కింద నుంచి న్యాయం ఇంకెంత కాలానికని మొరపెడతాయి.

ఎక్కువ సంఘాలు రెండు దశలను ఒప్పుకుంటాయి. మరణించగానే ప్రతి మనిషికీ విడిగా ఒక తీర్పు, అంత్యదినాన అందరికీ కలిపి సార్వత్రిక తీర్పు. 1331-32లో అవిన్యాన్ నగరంలో పోప్ 22వ జాన్, నీతిమంతుల ఆత్మలు సైతం అంతిమ తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖిగా చూడలేవని ప్రసంగించాడు. పెద్ద దుమారం రేగింది. 1334లో మరణశయ్య మీద ఆయన ఆ అభిప్రాయాన్ని వెనక్కి తీసుకున్నాడు. 1336లో ఆయన వారసుడు 12వ బెనెడిక్ట్, శుద్ధి అవసరం లేని ఆత్మలు వెంటనే దైవదర్శనం పొందుతాయని అధికారికంగా నిర్ణయించాడు. ప్రొటెస్టెంట్ సంస్కర్తల్లోనూ ఈ చర్చ సాగింది. లూథర్ పలుచోట్ల మరణాన్ని గాఢనిద్రగా వర్ణించాడు. కాల్విన్ తన తొలినాటి రచనల్లో ఒకదాన్ని ఆత్మ నిద్రపోతుందన్న వాదాన్ని ఖండించడానికే రాశాడు. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ఆత్మలు చావవు, నిద్రపోవు అని కాల్విన్ పక్షాన నిలిచింది. సెవెన్త్ డే అడ్వెంటిస్టులు మాత్రం పునరుత్థానం దాకా మనిషికి స్పృహ ఉండదని నమ్ముతారు.

ఉత్తరించు స్థలం

దేవుని కృపలో చనిపోయినా పూర్తిగా శుద్ధి కానివారు పరలోకంలో ప్రవేశించే ముందు శుద్ధి పొందుతారన్నది కాథలిక్ బోధ. తెలుగు కాథలిక్కులు దీన్ని ఉత్తరించు స్థలం అంటారు. మృతుల కోసం ప్రార్థించే ఆచారం చాలా పాతది. యుద్ధంలో పడిపోయినవారి పాపాల కోసం యూదు నాయకుడు యూదా మక్కబీ బలి అర్పణకు సొమ్ము పంపిన వృత్తాంతాన్ని కాథలిక్కులు దీనికి లేఖనాధారంగా చూపుతారు. ఆ వృత్తాంతం ఉన్న మక్కబీయుల రెండవ గ్రంథాన్ని ప్రొటెస్టెంట్లు బైబిల్లో భాగంగా లెక్కించరు. విభేదానికి ఒక మూలం ఇక్కడే ఉంది.

1274లో రెండవ లియోన్ మహాసభ, 1439లో ఫ్లోరెన్స్ మహాసభ, 1563లో ట్రెంట్ మహాసభ ఈ బోధను నిర్ధారించాయి. 14వ శతాబ్దం తొలి భాగంలో ఇటలీ కవి దాంతే తన మహాకావ్యంలో నరకం, పరదైసులతో సమానంగా దీనికీ ఒక భాగం కేటాయించాడు. ఆ భాగంలో శుద్ధి పర్వతం ఎక్కే ఆత్మలు బాధపడుతూనే ఆశతో ఉంటాయి. వారు ఇప్పటికే రక్షణ పొందినవారు, గమ్యం నిశ్చయమైనవారు. ఈ అంశాన్ని మరిచి దీన్ని చిన్న నరకంగా భావించడం పొరపాటు.

ఈ బోధ చుట్టూ వ్యాపారం పెరిగినప్పుడు సంక్షోభం వచ్చింది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ ఆలయ నిర్మాణానికి నిధుల కోసం జర్మనీలో పాపపరిహార పత్రాలను అమ్మారు. చనిపోయిన బంధువుల శిక్షను డబ్బుతో తగ్గించవచ్చన్న ఆ ప్రచారాన్ని 1517లో లూథర్ తన 95 వాదాలతో ప్రశ్నించాడు. కేవలం కృపచేత, విశ్వాసం ద్వారానే రక్షణ అన్న బోధ స్థిరపడ్డాక ప్రొటెస్టెంట్లు ఉత్తరించు స్థలాన్నే తిరస్కరించారు. ట్రెంట్ మహాసభ ఆ బోధను నిలబెడుతూనే, దాని పేరిట సాగే నీచమైన లాభార్జనను మానాలని ఆదేశించింది.

తూర్పు సంఘాల దృష్టి

ఆర్థడాక్స్ సంఘాలు మృతుల కోసం భక్తితో ప్రార్థిస్తాయి. మరణించిన 3వ, 9వ, 40వ రోజుల్లో స్మరణ జరుపుతాయి. శుద్ధిచేసే అగ్ని అన్న పశ్చిమ లాటిన్ సంఘపు వివరణను మాత్రం అంగీకరించవు. ఫ్లోరెన్స్ మహాసభలో ఎఫెసు బిషప్ మార్క్ దీన్ని వ్యతిరేకించి, తూర్పు, పశ్చిమ సంఘాల ఏకీకరణ పత్రంపై సంతకం చేయలేదు. మనిషి అంతిమ గతిని తూర్పు సంఘాలు దైవ జీవంలో పాలుపంచుకోవడంగా చూస్తాయి. దేవుని ప్రేమ అందరి మీదా ఒకేలా ప్రకాశిస్తుందనీ, దాన్ని ప్రేమించినవారికి అది ఆనందం, ద్వేషించినవారికి అదే వేదన అనీ వారిలో పలువురు బోధకులు చెబుతారు. ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి కోరా ఆలయంలో 14వ శతాబ్దపు కుడ్యచిత్రంలో క్రీస్తు పాతాళ ద్వారాలను విరగదొక్కి, ఆదాము, హవ్వలను చేతులు పట్టుకుని సమాధుల్లోంచి లేపుతుంటాడు. తూర్పు క్రైస్తవులకు ఈస్టర్ అంటే ఇదే.

రెండవ రాకడ, వెయ్యేండ్ల పరిపాలన

క్రీస్తు మహిమతో తిరిగి వస్తాడన్నది సర్వసాధారణ విశ్వాసం. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలోని వెయ్యేండ్ల పరిపాలనను అర్థం చేసుకోవడంలో మూడు మార్గాలు ఏర్పడ్డాయి. క్రీస్తు ముందుగా వచ్చి ఈ భూమి మీద వెయ్యేండ్లు పాలిస్తాడని జస్టిన్, ఇరేనియస్ వంటి తొలి రచయితలు నమ్మారు. ఆ వెయ్యేండ్లు సంఘం సాగుతున్న ఈ కాలానికే సంకేతమని 5వ శతాబ్దంలో అగస్టీన్ తన ‘దేవుని నగరం’లో వివరించాడు. పశ్చిమ సంఘం చాలావరకు ఆయన దారిలో నడిచింది. సువార్త వ్యాప్తితో లోకం క్రమంగా బాగుపడి, ఆ తర్వాతే క్రీస్తు వస్తాడన్నది మూడవ మార్గం. 18వ శతాబ్దపు అమెరికా బోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్ దీనికి ప్రముఖ ప్రతినిధి.

19వ శతాబ్దంలో బ్రదరన్ ఉద్యమ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ మొదటి మార్గానికి కొత్త రూపం ఇచ్చాడు. క్రీస్తు ముందు రహస్యంగా వచ్చి తన సంఘాన్ని ఎత్తుకుంటాడు, తర్వాత మహాశ్రమల కాలం, ఆపై బహిరంగ రాకడ. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ ఈ క్రమాన్ని ప్రపంచమంతా వ్యాపింపజేసింది. సంఘం ఎత్తబడుట గురించి తెలుగు సువార్త సభల్లో నేడు వినిపించే బోధకు మూలం ఇదే. 1836లో ఇండియాకు వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పనిచేసిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కూడా బ్రదరన్ ఉద్యమానికి చెందినవారే.

రాకడకు తేదీలు లెక్కగట్టిన ప్రతిసారీ ఆశాభంగమే మిగిలింది. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు. ఆ రోజు గడిచిపోయింది. ఆ నిరాశను తట్టుకుని నిలిచినవారి నుంచి 1863లో సెవెన్త్ డే అడ్వెంటిస్ట్ సంఘం ఏర్పడింది.

నరకం: మూడు వాదాలు

దేవుణ్ణి చివరిదాకా తిరస్కరించినవారి గతి గురించి క్రైస్తవుల్లో మూడు అభిప్రాయాలున్నాయి. అగస్టీన్ బలపరచి, కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఎక్కువగా అనుసరించినది అంతులేని శిక్ష. కాథలిక్ సంఘం 1992లో వెలువరించిన సత్యోపదేశ గ్రంథం నరకాన్ని మనిషి తనంతట తాను దేవుని నుంచి వేరుపడే స్థితిగా నిర్వచిస్తుంది.

రెండవది వినాశ వాదం. అమరత్వం దేవుని వరమనీ, దాన్ని కాదన్నవారు చివరికి ఉనికిలోనే లేకుండా పోతారనీ దీని సారం. అడ్వెంటిస్టుల బోధ ఇదే. ప్రసిద్ధ ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ 1988లో జాగ్రత్తగా దీనివైపు మొగ్గు చూపినప్పుడు సువార్త సంఘాల్లో పెద్ద చర్చ జరిగింది.

మూడవది సర్వరక్షణ వాదం. దేవుని శిక్ష దిద్దుబాటుకేననీ, చివరికి అందరూ ఆయన వద్దకు తిరిగి చేరతారనీ 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిజెన్, 4వ శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ ఆశించారు. 6వ శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి కాలంలో ఓరిజెన్ పేరిట ఉన్న బోధలు ఖండనకు గురయ్యాయి. గ్రెగొరీ మాత్రం పూజ్యునిగానే నిలిచాడు. 1986లో స్విస్ కాథలిక్ వేదాంతి హాన్స్ ఉర్స్ ఫాన్ బాల్తజార్, అందరూ రక్షింపబడతారని మనం నిశ్చయంగా చెప్పలేము గానీ అందరి కోసం ఆశించవచ్చు, ఆశించాలి కూడా అని వాదించాడు.

క్రీస్తును ఎరగకుండా చనిపోయినవారి ప్రశ్న దీనితో పెనవేసుకుంది. తమ తప్పు లేకుండా సువార్తను ఎరగనివారు, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెదికితే రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించింది. వ్యక్తిగతంగా క్రీస్తును విశ్వసించడం తప్పనిసరి అని చాలా సువార్త సంఘాలు బోధిస్తాయి. బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుల రక్షణకు బలమైన ఆశ ఉందని వాటికన్ వేదాంత సంఘం 2007లో తెలిపింది. శతాబ్దాలుగా ఎందరో తల్లులను క్షోభపెట్టిన ప్రశ్నకు అది ఆలస్యంగానైనా దక్కిన ఓదార్పు.

నూతన ఆకాశం, నూతన భూమి

బైబిల్ చివరి అధ్యాయాల్లో మనుషులు భూమిని వదిలి పైకి వెళ్లరు. నూతన యెరూషలేము అనే నగరం పైనుంచి కిందికి దిగివస్తుంది. దేవుడు మనుషుల మధ్య కాపురముంటాడు, కన్నీళ్లు తుడుస్తాడు, మరణం ఇక ఉండదు. ఆ నగర ద్వారాలు మూయబడవు. జీవవృక్షపు ఆకులు జనాల స్వస్థతకు పనికివస్తాయి. సృష్టి మొత్తం విడుదల కోసం ప్రసవ వేదన పడుతున్నదని పౌలు రోమీయులకు రాశాడు. 1955లో వేదాంతి ఆస్కార్ కుల్‌మన్ హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసం, 1964లో మరో వేదాంతి యుర్గెన్ మోల్ట్‌మన్ రాసిన ‘నిరీక్షణా వేదాంతం’, ఇటీవలి కాలంలో బైబిల్ పండితుడు ఎన్.టి. రైట్ రచనలు ఈ పాత బోధను మళ్లీ ముందుకు తెచ్చాయి. దేవుడు విమోచించబోయే భూమిని, దేహాలను ఇప్పుడు చెరిచే హక్కు మనకు లేదన్న నైతిక బాధ్యత ఇందులోంచే వస్తుంది.

ఆచారాలు

విశ్వాసం అంత్యక్రియల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పునరుత్థాన నిరీక్షణకు గుర్తుగా క్రైస్తవులు తరతరాలుగా భూస్థాపన చేస్తున్నారు. కాథలిక్ సంఘం 1963లో దహనానికి అనుమతి ఇచ్చింది. చితాభస్మాన్ని వెదజల్లకుండా పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016లో నిర్దేశించింది.

మృతుల స్మరణకు నవంబర్ 2ను కేటాయించే ఆచారాన్ని 11వ శతాబ్దం తొలినాళ్లకల్లా ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఒడిలో నెలకొల్పాడు. తెలుగునాట అదే సమాధుల పండుగ. ఆ రోజు కుటుంబాలు సమాధులను కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. కాథలిక్ గురువులు సమాధుల వద్ద పూజ చేసి మృతుల ఆత్మల కోసం ప్రార్థిస్తారు. చాలా చోట్ల ప్రొటెస్టెంట్ విశ్వాసులు ఈస్టర్ వేకువన సమాధుల తోటకు వెళ్లి పునరుత్థానపు పాటలు పాడతారు. చనిపోయినవారి గురించి ప్రభువునందు నిద్రించారని చెప్పుకుంటారు, ఇంటివారి కోసం ఆదరణ కూడిక జరుపుతారు. ఒకరు మృతుల కోసం ప్రార్థిస్తారు, మరొకరు బతికున్నవారి ఓదార్పు కోసమే ప్రార్థిస్తారు. లేస్తారన్న ఆశ మాత్రం ఇద్దరిదీ ఒకటే.

మరణానికీ పునరుత్థానానికీ నడుమ ఉండే స్థితి, శుద్ధి, వెయ్యేండ్లు, నరకపు స్వభావం గురించి సంఘాలు 2 వేల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నాయి. క్రీస్తు లేచాడు, మృతులు లేస్తారు, దేవుడు న్యాయంగా తీర్పు తీరుస్తాడు, సృష్టి కొత్తదవుతుంది అన్న నాలుగు మాటల మీద మాత్రం అవి ఏకమై నిలబడ్డాయి. కాలక్రమాల పట్టికలు గీయడంలో మునిగి, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా అన్న ప్రశ్నను మరిచే ఏ బోధ అయినా యేసు చెప్పిన తీర్పును మరిచినట్టే.